సంతకం తర్వాత: సహజవాయు ప్రాజెక్టుల అనుమతుల మీద ఒక సమీక్ష

పొలం రైతుదే. పాసుపుస్తకంలో పేరు ఆయనదే. అమ్ముకునే హక్కూ ఆయనదే. అయినా ఆ పొలంలోనుంచి పోయే ఒక పట్టీలో ఇకమీదట ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెరువు తీయకూడదు, చెట్టు నాటకూడదు. 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం తొమ్మిదో సెక్షన్ చెప్పేది ఇదే. ప్రభుత్వం ఇక్కడ భూమిని సేకరించదు. నేల కింద గొట్టం వేసుకోవడానికి, ఆ తర్వాత దాన్ని చూసుకోవడానికి వచ్చిపోయేందుకు కావలసిన వినియోగ హక్కు మాత్రం తీసుకుంటుంది. అందుకు పరిహారం, తొలి నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం. పోయిన పంటకూ కొట్టేసిన చెట్లకూ నష్టం వేరుగా కడతారు. వరి రైతుకు ఇది ఒకటి రెండు పంటల ఇబ్బందితో పోవచ్చు, గొట్టం పూడ్చాక మళ్లీ నాట్లు వేసుకోగలడు. కొబ్బరి రైతు సంగతి వేరు. 20 మీటర్ల వెడల్పున తోట పోతే ఆ పట్టీలో ఆయన మనవడు కూడా మళ్లీ మొక్క పెట్టలేడు.

దేశంలో ఇప్పుడు దాదాపు 25,000 కిలోమీటర్ల సహజవాయు పైపులైన్లు నడుస్తున్నాయి. మన ఇంధన వినియోగంలో గ్యాస్ వాటా 6 శాతం దరిదాపుల్లో ఉంది. 2030 నాటికి దాన్ని 15 శాతం చెయ్యాలన్నది కేంద్రం పెట్టుకున్న లక్ష్యం. లక్ష్యం అందినా అందకపోయినా ఇంకా వేల కిలోమీటర్ల గొట్టం పొలాల కిందా ఊళ్ల పక్కనా పడబోతోంది. వీటికి అనుమతులు ఎవరు ఇస్తున్నారు, ఇచ్చే ముందు ఏం అడుగుతున్నారు, ఇచ్చాక ఏం చూస్తున్నారు? నా అభిప్రాయం ముందే చెబుతాను. మన వ్యవస్థ కంపెనీకి దారి ఇప్పించడంలో గట్టిది. ఆ ప్రాజెక్టు నిజంగా కావాలా అని అడగడంలో బలహీనం. గ్యాస్ వదిలిన తర్వాత ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండడంలో మరీ బలహీనం. అనుమతుల మీద మనం చేసే చర్చంతా ఆలస్యం చుట్టూ తిరుగుతుంది. మనుషులు చనిపోయింది మాత్రం సంతకాలన్నీ అయిపోయాక.

ముందు ఎవరి పని ఏమిటో చూద్దాం. పైపులైను వేయడానికీ, ఒక ఊళ్లో ఇంటింటికీ గ్యాస్ ఇచ్చే నెట్‌వర్క్ పెట్టడానికీ అధికారం ఇచ్చేది పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి. దాని చట్టం 2006లో వచ్చింది, మండలి 2007లో మొదలైంది. అధికారం లేనిదే ఎవరూ లైను వేయకూడదన్న 16వ సెక్షన్ మాత్రం 2010లో గానీ అమల్లోకి రాలేదు. భూమి మీద హక్కు 1962 చట్టం కింద కేంద్ర పెట్రోలియం శాఖ ఇస్తుంది. పర్యావరణ అనుమతి, అటవీ అనుమతి, తీరప్రాంత అనుమతి కేంద్ర పర్యావరణ శాఖ, రాష్ట్ర సంస్థల చేతుల్లో ఉంటాయి. భద్రతా ప్రమాణాలు రాసేది 1986లో ఏర్పడ్డ చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్. సీఎన్‌జీ బంకుకు లైసెన్సు నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఇస్తుంది. రోడ్డు దాటాలంటే రోడ్ల వాళ్లు, కాలవ దాటాలంటే నీటిపారుదల వాళ్లు, పట్టాలు దాటాలంటే రైల్వే. ఇన్ని చేతులున్నాయి గనక ప్రాజెక్టును అన్ని వైపుల నుంచీ చూస్తున్నారనుకుంటాం. ఒక్కొక్కరూ తమ ముక్క మాత్రమే చూస్తారు. మొత్తాన్ని ఒకచోట పెట్టి, ఈ ఊరి పక్కనుంచి ఈ ఒత్తిడితో ఈ గ్యాస్ ముప్పై ఏళ్లు పోవడం సబబేనా అని అడిగే కుర్చీ ఎక్కడా లేదు.

భూమి దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే మామూలు మనిషికి అనుమతి ప్రక్రియ ముఖాముఖి తగిలేది అక్కడే. 1962 చట్టం మూడో సెక్షన్ కింద కేంద్రం గెజిట్‌లో ఉద్దేశం ప్రకటిస్తుంది, సర్వే నంబర్లతో సహా. ఐదో సెక్షన్ కింద అభ్యంతరం చెప్పుకోవడానికి 21 రోజులు. విన్నాక కాంపిటెంట్ అథారిటీ, అంటే ఈ చట్టం కింద నియమితుడైన అధికారి, ఇచ్చే ఉత్తర్వే అంతిమం. ఏడాదిలోగా ఆరో సెక్షన్ ప్రకటన రావాలి, వచ్చిందంటే వినియోగ హక్కు కంపెనీది. పరిహారం తక్కువైందనుకుంటే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లవచ్చు. గొట్టం ఎటు పోవాలన్న దానిమీద మాత్రం ఆ 21 రోజులే దిక్కు. పంట కోతల్లో ఉన్న రైతు, ఊళ్లో లేని వారసుడు, పాసుపుస్తకంలో ఇంకా తాత పేరే ఉన్న కుటుంబం, కౌలుకు చేసుకునే మనిషి, వీళ్లందరికీ ఆ గడువు ఎట్లా సరిపోతుంది? పైగా అప్పటికి రూటు సర్వే అయిపోయి ఉంటుంది, వంపులు తేలిపోయి ఉంటాయి. అభ్యంతరం విని లైను జరిపితే పక్క రైతుకు కొత్త నోటిఫికేషన్ ఇవ్వాలి. అందుకే వినేవాళ్లకు కూడా జరపాలన్న ఉత్సాహం ఉండదు.

ఇదే చట్టం ఏడో సెక్షన్‌లో ఒక మంచి మాట ఉంది. నోటిఫికేషన్ నాటికి నివాసంగా వాడుతున్న నేల కింద గానీ, పక్కా కట్టడం ఉన్న నేల కింద గానీ, ఇంటి ఆవరణ కింద గానీ గొట్టం వేయకూడదు. మీటరు కంటే తక్కువ లోతున అసలు వేయకూడదు. ఇంటి కింద వద్దన్న చట్టం ఇంటికి ఎంత దూరంలో వేయాలో మాత్రం చెప్పలేదు. 1962లో ఈ చట్టం చేసినవాళ్ల మనసులో ముఖ్యంగా ఉన్నది పెట్రోలియం రవాణా. అధిక ఒత్తిడి గ్యాస్ చీలికలోంచి బయటపడితే మంట ఎంత దూరం కాలుస్తుందన్న ఆలోచన ఆ పాఠంలో ఎక్కడా కనబడదు.

భూసేకరణ పాత చట్టం పోయి 2013లో కొత్తది వచ్చినప్పుడు సామాజిక ప్రభావ అంచనా, సమ్మతి, మెరుగైన పరిహారం వచ్చాయి. పైపులైన్ల చట్టాన్ని మాత్రం నాలుగో షెడ్యూలులో పెట్టి మినహాయించారు. 2016లో సుప్రీంకోర్టు 1962 చట్టం చెల్లుతుందనే తేల్చింది. భూమి యాజమాన్యం పోవడం లేదు, వాడుక మీద ఆంక్ష మాత్రమే కాబట్టి 10 శాతం సబబేనన్నది అక్కడి వాదన. న్యాయస్థానం లెక్క చట్టప్రకారం సరిగానే ఉండవచ్చు. కానీ పట్టణం అంచున ఉన్న ఎకరంలో 20 మీటర్ల పట్టీ పోతే మిగతా ముక్కల విలువ కూడా కుంగుతుంది. చట్టం ఆ కుంగుబాటును లెక్కలోకి తీసుకోదు.

దీన్ని ఎదిరించిన వాళ్లు ఏమయ్యారో చూడాలంటే కొచ్చి నుంచి బయల్దేరిన లైను చరిత్ర చాలు. కొచ్చిలో ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ 2013లో సిద్ధమైంది. ఏడాదికి 50 లక్షల టన్నుల సామర్థ్యం. అక్కడినుంచి మంగళూరుకూ, తమిళనాడు మీదుగా బెంగళూరుకూ గ్యాస్ వెళ్లాలి. తమిళనాడులో ఏడు జిల్లాల రైతులు అడ్డుకున్నారు. పొలాల్లోంచి కాదు, జాతీయ రహదారి పక్కనుంచి వేయమన్నారు. 2013లో ఆ రాష్ట్ర ప్రభుత్వం అదే ఆదేశం ఇచ్చింది. అదే ఏడాది మద్రాసు హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది, 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రం వాదన ఒప్పుకోలేదు. హక్కు కేంద్ర చట్టానిది, రాష్ట్రం అడ్డుపెట్టలేదు. కేరళలోనూ 2017లో కోళికోడ్ జిల్లా ముక్కం దగ్గర పెద్ద ఆందోళన జరిగింది. చివరికి 450 కిలోమీటర్ల కొచ్చి–మంగళూరు లైను 2021 జనవరి 5న ప్రారంభమైంది. అప్పటిదాకా, అంటే ఏడేళ్లకు పైగా, అంత పెద్ద టెర్మినల్ తన సామర్థ్యంలో చిన్న భాగంతోనే నడిచింది.

ఈ కథను రెండు రకాలుగా చెప్పుకుంటారు. రైతులు అడ్డుపడి దేశానికి నష్టం చేశారని ఒకరు, రైతుల గొంతు నొక్కారని మరొకరు. అసలు తప్పు వీటికి ముందే జరిగింది. టెర్మినల్‌కు ఒకరు, లైనుకు ఒకరు, భూమికి ఒకరు విడివిడిగా అనుమతులిచ్చారు. టెర్మినల్ కట్టడం మొదలయ్యే నాటికి దాని గ్యాస్ ఎటు పోతుందో, ఆ దారిలో ఉన్నవాళ్లు ఏమంటారో కలిపి చూసి ఉంటే, రహదారి పక్క రూటు కుదురుతుందో లేదో అప్పుడే సాంకేతికంగా తేల్చి ఉంటే, ఏడేళ్లు పోయేవి కావు. రైతు మాట ముందే వినడం ఆలస్యానికి కారణం అవుతుందని భయపడే అధికారులకు ఈ ఉదాహరణ చూపించాలి.

ఇక పర్యావరణం. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ షెడ్యూలులో 6(ఎ) అంశం చదవండి. జాతీయ పార్కులు, అభయారణ్యాలు, పగడపు దిబ్బలు, పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాల గుండా పోయే పైపులైన్లకూ, ఎల్‌ఎన్‌జీ టెర్మినళ్లకూ ముందస్తు అనుమతి కావాలి. మిగతా చోట్ల పోయే లైనుకు అక్కర్లేదు. అంటే జింకలున్న అడవిలోంచి పోతే నివేదిక రాయాలి, మనుషులున్న ఊరి పక్కనుంచి పోతే అక్కర్లేదు. ప్రజాభిప్రాయ సేకరణ సభ కూడా ఉండదు. నేల కింద గొట్టం వల్ల పొగ రాదు, నీరు పాడవదు కాబట్టి దాన్ని వదిలేశారన్నది అర్థమయ్యే కారణమే. కానీ ప్రమాదం కూడా పర్యావరణ ప్రభావమే కదా. అలాంటప్పుడు ప్రమాదాన్ని అంచనా వేసిన కాగితం ఒకటి ఆ ఊరివాళ్ల చేతికి వచ్చే సందర్భం ఇంకెక్కడా లేకుండా పోయింది.

అన్వేషణ బావుల విషయంలో మనం ఇంకా వెనక్కి నడిచాం. చమురు, గ్యాస్ అన్వేషణ మొదట్లో కఠినమైన ఏ కేటగిరీలో ఉండేది. 2020 జనవరిలో కేంద్రం దాన్ని బీ2లోకి మార్చింది. బీ2 అంటే ప్రజాభిప్రాయ సేకరణ లేదు. అన్వేషణ చిన్న పని అన్నది దీని వెనక ఉన్న వాదన. కోనసీమ వాళ్లకు ఈ వాదన చెప్పి ఒప్పించడం కష్టం. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి ఎగదన్ని అంటుకుంది. ఆ మంట ఆరడానికి మార్చి 15 దాకా, 65 రోజులు పట్టింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇళ్లు వదిలి వెళ్లిపోవలసి వచ్చింది. అది తవ్వుతున్న బావి. తవ్వేటప్పుడే కదా లోపలి ఒత్తిడి ఎంతో తెలియనిది.

ఇప్పుడు నగరం అనే ఊరి సంగతి. 2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పుగోదావరి జిల్లా, ఇప్పటి కోనసీమ జిల్లా, మామిడికుదురు మండలం నగరంలో తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ తీసుకెళ్లే గెయిల్ లైను పేలింది. 18 అంగుళాల గొట్టం. లీకైన గ్యాస్ గాలి లేని ఆ వేళ ఊరి మీద పరుచుకుంది. పొద్దున్నే టీ కొట్టులో పొయ్యి వెలిగించడంతో అంటుకుందని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఇరవైమందికి పైగా చనిపోయారు. ఇళ్లు, దుకాణాలు, కొబ్బరిచెట్లు మాడిపోయాయి. గ్యాస్ వాసన వస్తోందని ముందే ఫిర్యాదు చేశామని గ్రామస్థులు విలేకరులకు చెప్పారు.

ఎందుకు జరిగిందన్నది అనుమతుల సమీక్షకు గుండెకాయ లాంటి ప్రశ్న. ఆ లైను పొడి గ్యాస్ కోసం వేసింది. అందులో పోయింది తడి గ్యాస్. బావిలోంచి వచ్చే గ్యాస్‌తో పాటు నీరు, ద్రవ హైడ్రోకార్బన్లు, కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి. నీరు తీసేయకుండా పంపితే గొట్టం అడుగున నిలుస్తుంది, కార్బన్ డయాక్సైడ్ అందులో కరిగి ఆమ్లమవుతుంది, ఉక్కును లోపలినుంచి తినేస్తుంది. బయటకు ఏమీ కనబడదు. దీన్ని ఆపడానికి ఉన్న మార్గాలు కొత్తవేమీ కావు. గ్యాస్‌ను ఆరబెట్టే యూనిట్ పెట్టాలి, గొట్టంలోకి తోపుడు పరికరం పంపి (పిగ్గింగ్) నిలిచిన నీటిని నెట్టేయాలి, గొట్టం మందాన్ని లోపలినుంచి కొలిచే పరికరాలు పంపాలి. విచారణలో తేలింది ఇదే: నీరు తీసే ఏర్పాటు లేకుండా తడి గ్యాస్ పోయింది, లోపలి తుప్పుతో గొట్టం చీలింది.

గమనించండి. ఇందులో అనుమతి లేకపోవడం అన్నది లేదు. లైనుకు అనుమతి ఉంది, భూమి హక్కు ఉంది, గ్యాస్ కొనుగోలు ఒప్పందం ఉంది. అనుమతి పొందిన వస్తువు ఒకటి, పదమూడేళ్ల తర్వాత నేల కింద నిజంగా నడుస్తున్న వస్తువు మరొకటి. ఆ తేడాను పట్టుకోవలసిన కన్ను ఎవరిదీ కాలేదు. గ్యాస్ పంపేది ఒక ప్రభుత్వ సంస్థ, మోసేది మరో ప్రభుత్వ సంస్థ, నాణ్యత గీత ఎక్కడ గీయాలన్నది ఆ ఇద్దరి మధ్య వ్యవహారంగా మిగిలిపోయింది. నియంత్రణ మండలి పుట్టకముందే వేసిన లైన్లకు మండలి తర్వాత ఆమోదముద్ర వేసింది. ఆ సందర్భంలో ప్రతి పాత లైను లోపలా కొలిచి, కొలతలు చూసి ముద్ర వేసి ఉంటే ఏం జరిగేదో ఊహించడం కష్టం కాదు.

నియమాలు లేవని కాదు. సాంకేతిక, భద్రతా ప్రమాణాల నిబంధనలు 2009లో వచ్చాయి. లైను ఆరోగ్యాన్ని జీవితకాలం చూసుకునే నిబంధనలు 2012లో వచ్చాయి. అంటే నగరం పేలుడుకు రెండేళ్ల ముందు. కాగితం మీద అవి ప్రపంచంలో ఎక్కడి నిబంధనలకూ తీసిపోవు. లైనుకు రెండు వైపులా ఎన్ని ఇళ్లున్నాయో లెక్కపెట్టి, జనసాంద్రతను బట్టి లైనును నాలుగు తరగతులుగా విడగొట్టి, జనం ఎక్కువున్న చోట మందమైన గొట్టం వాడమంటాయి. అయితే తనిఖీ ఎక్కువగా మండలి జాబితాలో ఉన్న మూడో పక్షం సంస్థల ద్వారా, కంపెనీ ఖర్చుతోనే జరుగుతుంది. వేసిన రోజున పది ఇళ్లున్న చోట ఇరవై ఏళ్లకు వంద ఇళ్లు వస్తాయి. తరగతి మారిందని ఆ ఊళ్లో ఎవరికి తెలుస్తుంది? పంచాయతీ ఇంటి ప్లాను ఆమోదించేటప్పుడు పైపులైను మ్యాపు చూసే ఏర్పాటు ఎన్ని చోట్ల ఉంది?

దూరం గురించి ఒక లెక్క చెబుతాను. అమెరికా భద్రతా నిబంధనల్లో ప్రమాద ప్రభావ వ్యాసార్థానికి సూత్రం ఉంది: చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్ల ఒత్తిడో ఆ సంఖ్య వర్గమూలాన్ని, అంగుళాల్లో గొట్టం వ్యాసంతో గుణించి, మళ్లీ 0.69తో గుణిస్తే అడుగుల్లో దూరం వస్తుంది. 18 అంగుళాల గొట్టం, 600 పౌండ్ల ఒత్తిడి అనుకుంటే దాదాపు 300 అడుగులు, అంటే 90 మీటర్ల పైన. మన చట్టం ఆంక్షలు పెట్టేది 20 మీటర్ల పట్టీలో. మంట చేరేది గొట్టానికి రెండు వైపులా 90 మీటర్ల దాకా. ఆ మధ్యలో ఉన్న ఇళ్లకు పరిహారం లేదు, నోటీసు లేదు, అభ్యంతరం చెప్పే హోదా కూడా లేదు. ఎందుకంటే చట్టం దృష్టిలో వాళ్ల భూమికి ఏమీ జరగలేదు. 

అవసరం అన్న ప్రశ్నకు వస్తే మన ప్రాంతమే పెద్ద పాఠం. కేజీ బేసిన్ డీ6లో 2009లో ఉత్పత్తి మొదలైంది. కాకినాడ దగ్గర గాడిమొగ నుంచి తెలంగాణ మీదుగా గుజరాత్‌లోని భరూచ్‌కు దాదాపు 1,400 కిలోమీటర్ల లైను అదే ఏడాది సిద్ధమైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల లెక్కతో కట్టారు. ఉత్పత్తి 2010లో రోజుకు 6 కోట్లు దాటి, ఆ తర్వాత కొన్నేళ్లలోనే కోటికి అటూ ఇటుగా పడిపోయింది. ఆ గ్యాస్‌ను నమ్ముకుని మన రాష్ట్రంలో వెలసిన విద్యుత్ కేంద్రాలు ఏళ్ల తరబడి మూలబడ్డాయి, బ్యాంకు అప్పులు మొండి బాకీలయ్యాయి. 2011లో మల్లవరం నుంచి భోపాల్, విజయ్‌పూర్ మీదుగా భిల్వారా దాకా మరో భారీ లైనుకు మండలి అధికారం ఇచ్చింది. మూడేళ్లలో పూర్తికావాలి. గ్యాస్ లేదు గనక పని కదల్లేదు. చివరికి కుంచనపల్లి నుంచి రామగుండం దాకా 365 కిలోమీటర్లు మాత్రం వేశారు. రామగుండం ఎరువుల కర్మాగారం మళ్లీ తెరుచుకోవడానికి ఆ ముక్క నిజంగా పనికొచ్చింది, దాన్ని తక్కువ చేయను. కానీ మిగతా దారిలో ఎన్ని ఊళ్లలో సర్వే రాళ్లు పడ్డాయో, ఎన్ని పొలాల మీద నోటిఫికేషన్ నీడ పడిందో తలచుకుంటే బాధ కలుగుతుంది.

మండలి పోటీ టెండర్లు పిలిచి, ఎవరు తక్కువ రవాణా చార్జీ చెబుతారో వాళ్లకు అధికారం ఇస్తుంది. గ్యాస్ ఎక్కడినుంచి వస్తుంది, ఎవరు కొంటామని సంతకం పెట్టారు అన్న ఆధారాలకు ఈ పద్ధతిలో ఉండవలసినంత బరువు లేదు. కంపెనీ రిస్కు కంపెనీదే అన్నది పాత సమాధానం. అది 2023 ఏప్రిల్ 1 దాకా కొంతవరకు నిలిచేది. ఆ రోజునుంచి జాతీయ గ్రిడ్‌లోని లైన్లన్నింటికీ కలిపి ఏకీకృత టారిఫ్ వచ్చింది. దూరంగా ఉన్న ప్రాంతాలకు గ్యాస్ చౌకగా అందాలన్న ఉద్దేశం మంచిదే. అయితే ఖాళీగా పడున్న లైను ఖర్చు ఇప్పుడు అందరి చార్జీలోకీ చేరుతుంది. వరంగల్‌లో వంటింటి గ్యాస్ బిల్లు కట్టే మనిషికి కూడా, ఎక్కడో వేయబోయే లైను అవసరమా కాదా అని అడిగే హక్కు వచ్చినట్టే. అడగడానికి వేదికే లేదు. పైగా ఇంత పనివున్న మండలికి 2020 డిసెంబరు తర్వాత రెండేళ్లకు పైగా అధ్యక్షుడే లేడు.

అమెరికాలో ఈ అవసరం అన్న ప్రశ్నే అనుమతికి పునాది. అక్కడ 1938 నాటి సహజవాయు చట్టం కింద రాష్ట్రాల సరిహద్దులు దాటే లైనుకు ఫెర్క్ అనే ఫెడరల్ కమిషన్ ప్రజాసౌకర్యం, ప్రజావసరం ఉన్నాయని ధ్రువపత్రం ఇవ్వాలి. 1947 సవరణతో ఆ ధ్రువపత్రం ఉన్న కంపెనీకి భూమిని బలవంతంగా తీసుకునే హక్కు కూడా వచ్చింది. పర్యావరణ సమీక్షకు ఫెర్కే ప్రధాన సంస్థ, మిగతావాళ్లు దాని కాలపట్టికను అనుసరించాలి. భద్రత మాత్రం రవాణా శాఖలోని వేరే సంస్థ చూస్తుంది. అది లైన్ల మ్యాపు జనం చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. చదివితే ముచ్చటేస్తుంది. అయితే అమెరికా అనుభవాన్ని ఆదర్శంగా పట్టుకోవడానికి లేదు. అవసరానికి రుజువు అడిగితే కంపెనీలు తమ అనుబంధ సంస్థతోనే కొనుగోలు ఒప్పందం రాయించుకుని చూపించాయి. సెయింట్ లూయిస్ దగ్గరి స్పైర్ లైను విషయంలో అలాంటి ఒక్క ఒప్పందాన్నే నమ్మడం తప్పని 2021లో ఫెడరల్ అప్పీలు కోర్టు ధ్రువపత్రాన్ని రద్దు చేసింది, అప్పటికి లైనులో గ్యాస్ నడుస్తోంది. ఇంకో అన్యాయం కూడా అక్కడ చాలాకాలం సాగింది. భూయజమాని పునర్విచారణ కోరితే కమిషన్ ఆలోచిస్తున్నామని ఉత్తర్వు ఇచ్చి నెలల తరబడి కూర్చునేది. ఈలోగా కోర్టుకు వెళ్లే వీలు లేదు, కంపెనీ మాత్రం చెట్లు నరికి గొట్టం వేసేసేది. 2020లో అదే కోర్టు దీన్ని ఆపింది.

ఆలస్యానికి ఉదాహరణగా అందరూ చెప్పేది మౌంటెన్ వ్యాలీ లైను. వెస్ట్ వర్జీనియా, వర్జీనియా కొండల్లో 488 కిలోమీటర్లు. ధ్రువపత్రం 2017లో, గ్యాస్ నడిచింది 2024 జూన్‌లో. అంచనా 350 కోట్ల డాలర్లు, అయింది దాదాపు 780 కోట్లు. అడవి, నదులు, అరుదైన ప్రాణులకు సంబంధించిన అనుమతులను కోర్టులు పదే పదే కొట్టేశాయి. చివరికి 2023లో అమెరికన్ కాంగ్రెస్ ఈ ఒక్క లైను కోసం చట్టంలో వాక్యాలు రాసి అనుమతులు ఇప్పించింది, కోర్టుల దారి మూసింది. అట్లాంటిక్ కోస్ట్ లైను సుప్రీంకోర్టులో గెలిచి కూడా, మూడు వారాలకే, 2020 జులైలో ప్రాజెక్టును వదులుకుంది. న్యూయార్క్ రాష్ట్రం 2016లో నీటి నాణ్యత ధ్రువపత్రం ఇవ్వనందుకు కాన్‌స్టిట్యూషన్ లైను 2020లో ఆగిపోయింది. మన తమిళనాడుకు లేని అధికారం అక్కడి రాష్ట్రానికి నీటి చట్టం ఇచ్చింది. నాకు వీటిలో కనిపించేది ఒక్కటే. సమీక్ష ఎక్కువైనందువల్ల ఈ ప్రాజెక్టులు చెడలేదు. రూటు తేల్చుకున్నాక సమీక్ష మొదలుపెట్టినందువల్ల చెడ్డాయి. అంటే మనం చేస్తున్న పనే. కాకపోతే అక్కడ కోర్టులు వింటాయి కాబట్టి ఖర్చు కంపెనీ మీద పడుతుంది, ఇక్కడ రైతు మీద పడుతుంది.

అమెరికా నుంచి తెచ్చుకోదగినది ఒకటుంది. 2021లో ఫెర్క్ ప్రజల భాగస్వామ్యం కోసం ప్రత్యేక కార్యాలయం తెరిచింది. కాగితాలు ఎట్లా చదవాలో, గడువు ఎప్పుడో, అభ్యంతరం ఎట్లా రాయాలో పౌరుడికి చెప్పడం దాని పని. మన కాంపిటెంట్ అథారిటీ పక్కన అలాంటి బల్ల ఒకటి, మనిషి ఒకరు, తెలుగులో మాట్లాడేవాళ్లు, ఉంటే ఆ 21 రోజులకు కాస్త అర్థం ఉంటుంది.

నగరాల్లో ఇంటింటి గ్యాస్ సంగతి రెండు మాటల్లో. హైదరాబాద్, విజయవాడల్లో భాగ్యనగర్ గ్యాస్, ఇతర జిల్లాల్లో మేఘా వంటి కంపెనీలు లైన్లు వేస్తున్నాయి. ఇక్కడ చిక్కు రోడ్డు తవ్వే అనుమతి, మరమ్మతు చార్జీలు, ఒకరు పూడ్చిన చోట మరొకరు జేసీబీతో తవ్వి గ్యాస్ గొట్టం తెంపడం. ఒత్తిడి తక్కువ కాబట్టి ప్రమాదం పరిమితం. మున్సిపాలిటీ, నీళ్ల బోర్డు, కేబుల్ కంపెనీలు ఒకే భూగర్భ మ్యాపు మీద పనిచేస్తే దీనిలో సగం తగ్గుతుంది.

ఏం చెయ్యాలి అన్నదానికి కొత్త చట్టాల కుప్ప అక్కర్లేదు. 1962 చట్టానికి సవరణ తెచ్చి, ప్రభావ వ్యాసార్థంలో ఉన్న ప్రతి ఇంటికీ నోటీసు, అభ్యంతరం చెప్పే హోదా ఇవ్వాలి. 21 రోజులను కనీసం రెండు నెలలు చేయాలి. రూటు ఖరారు కాకముందే, రెండు మూడు ప్రత్యామ్నాయాలు చూపించి, గ్రామసభలో చర్చ పెట్టాలి. తోట పోయే చోట 10 శాతం లెక్క పనికిరాదు, ఏటా అద్దె లాంటిది ఇవ్వాలి. గొట్టం ఉన్నంతకాలం ఆంక్ష ఉంటుంది కాబట్టి చెల్లింపు కూడా ఉన్నంతకాలం ఉండాలి. జనావాసాల పక్కనుంచి పోయే అధిక ఒత్తిడి లైన్లను 2006 నోటిఫికేషన్‌లోకి తేవాలి. అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణను తిరిగి ఇవ్వాలి. టెండరుకు ముందు గ్యాస్ ఆధారాన్ని, కొనేవాళ్ల సంతకాలను బహిరంగంగా పరిశీలించాలి. కంపెనీ తన అనుబంధ సంస్థతో రాయించుకున్న సంతకాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

అన్నిటికంటే ముఖ్యంగా అధికారపత్రానికి గడువు పెట్టాలి. పదేళ్లకోసారి లైను మళ్లీ పరీక్షకు రావాలి: ఇప్పుడు ఏ గ్యాస్ పోతోంది, అందులో నీరెంత, గొట్టం మందం ఎక్కడ ఎంత మిగిలింది, చుట్టూ ఎన్ని ఇళ్లు పెరిగాయి. జవాబులు లేకపోతే ఒత్తిడి తగ్గించాలి, లేదా ఆపాలి. తనిఖీ సంస్థకు డబ్బు కంపెనీ నేరుగా ఇవ్వకుండా మండలి నిధి ద్వారా ఇవ్వాలి. ఈ కొలతలు ఊరివాళ్లకు అందడంలో భద్రతా రహస్యం ఏమీ లేదు. లైను ఎక్కడుందో చెప్పే గుర్తు రాళ్లు ఇప్పటికే పొలం గట్ల మీద పాతి ఉన్నాయి.

వీటిలో ఒక పనికి పార్లమెంటు కూడా అక్కర్లేదు. నగరం విచారణ నివేదిక మొత్తం, తెలుగులో, మామిడికుదురు మండలంలోని ప్రతి పంచాయతీ కార్యాలయంలో ఎవరడిగినా ఇచ్చేలా పెట్టాలి. దానితోపాటు కోనసీమలో నడుస్తున్న ప్రతి లైను చివరిసారి ఎప్పుడు లోపలినుంచి కొలిచారో, ఎంత మందం మిగిలిందో రాసిన ఒక పేజీ ఉండాలి. ఒక్క శాఖ ఉత్తర్వు ఇస్తే ఈ నెలలోనే అయ్యే పని ఇది.